నవల్లో తల్లి మీద కోపం: ఒక కౌన్సెలింగ్ కేసు

నా దగ్గరికి కౌన్సెలింగ్‌కి వచ్చిన ఒకావిడ కేసు ఇది, రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. రాసింది ముందు తనే చదివి కొన్ని చోట్ల "ఇది వద్దండీ" అన్నారు, తీసేశాను. వయసు, ఉద్యోగం, ఇంట్లోవాళ్ళ వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. మారుపేరు కూడా పెట్టను, ఆవిడ అనే రాస్తాను. నవలల పేర్లు కూడా చెప్పడం లేదు, చెబితే చదివేవాళ్ళ ధ్యాసంతా ఆ రచయితల మీదకి పోతుంది, నాకు చెప్పాల్సింది వేరే ఉంది.

ఆవిడకి 47 ఏళ్ళు. పోర్టు సరుకుల పని చూసే ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. మురళీనగర్‌లో ఇల్లు, భర్త, డిగ్రీ చదివే కూతురు, ఇంటర్ చదివే కొడుకు. సీతమ్మధారలో నా రూముకి ఆవిడని తీసుకొచ్చింది కూతురే. ఏంటమ్మా సమస్య అని అడిగితే తల్లి ఏమీ మాట్లాడలేదు. ఆ అమ్మాయి బ్యాగులోంచి ఒక నవల తీసి టేబుల్ మీద పెట్టింది. లైబ్రరీ పుస్తకం. చివరి పేజీల అంచుల నిండా ఎర్ర బాల్‌పెన్నుతో రాతలు. "అబద్ధం", "సిగ్గు లేదా", "ఇది ఎలా కుదిరింది". ఒకచోట పెన్ను నొక్కిన నొక్కుకి కాగితం చిరిగింది. అట్ట మూల నలిగిపోయి ఉంది, గోడకేసి కొట్టారట. లైబ్రరీకి డబ్బు కట్టేసి పుస్తకాన్ని ఇంట్లోనే ఉంచుకున్నారు, తిరిగిస్తే ఆ రాతలు ఎవరైనా చూస్తారని.

ఇంట్లో సంగతి ఇదీ. రాత్రి పదకొండు దాకా చదువుతారు, ఆ తర్వాత రెండింటి దాకా నిద్ర పట్టదు, పొద్దున్నే వంటింట్లో గిన్నెలు దభీదభీమని పెడతారు, ఆఫీసులో ఒక కుర్రాడు బిల్లులో చిన్న తప్పు చేస్తే వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా అరిచారు. భర్త దీన్ని జోకు చేశారు, "మా ఆవిడ లేని మనుషులతో దెబ్బలాడుతుంది" అని చుట్టాల్లో చెప్పి నవ్వించేవారు. అంతకుముందు చూపించుకున్న ఒక డాక్టరు నిద్రమాత్ర రాసి, నవలలు మానేయమన్నారట. మానేశారు కూడా, కొన్నాళ్ళు. కోపం టీవీ సీరియళ్ళ మీదకి మళ్ళింది, అంతే.

నేను మొదట చూసేది పుస్తకాన్ని కాదు, ఒంటిని. ఈ వయసులో చిరాకు, నిద్రలేమి, ఉన్నట్టుండి చెమటలు అంటే నెలసరి ఆగిపోయే సమయం కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, బీపీ కావచ్చు. పరీక్షలు చేయించుకు రమ్మన్నాను. అన్నీ మామూలుగానే ఉన్నాయి. డిప్రెషన్ తేల్చడానికి వాడే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టీలో 27కి 8 వచ్చింది, 10 నుంచి పైన వస్తే ఇంకాస్త లోతుగా చూస్తాం. చచ్చిపోవాలన్న ఆలోచనలు లేవు. పాత్రలు నిజం మనుషులన్న భ్రమ అసలే లేదు, ఆ ప్రశ్న అడిగినందుకు నా మీద విసుక్కున్నారు, "నాకు పిచ్చేం పట్టలేదండీ, అవి కాగితం మనుషులని నాకు తెలీదా?" సైకియాట్రిస్టు అవసరమనిపిస్తే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి రాసిస్తానని మాత్రం చెప్పి ఉంచాను. ఆ అవసరం రాలేదు.

కాగితం మనుషుల మీద కోపం రావడం జబ్బు కాదని ఇక్కడ గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆవిడ చుట్టూ ఉన్నవాళ్ళందరూ అదే జబ్బనుకున్నారు. సీరియల్లో అత్తని తిట్టని ఇల్లు విశాఖలో ఒకటి చూపించండి. లేడని తెలిసిన మనిషి కోసం మనకి నిజం కన్నీళ్ళు ఎలా వస్తాయని కాలిన్ రాడ్‌ఫర్డ్ అనే తత్వవేత్త 1975లో అడిగాడు, దాని మీద ఇప్పటికీ వాదించుకుంటున్నారు. టీవీ తెర మీద మనుషులతో ప్రేక్షకులు పెట్టుకునే ఒకవైపు చుట్టరికం గురించి 1956లోనే హోర్టన్, వోల్ అనేవాళ్ళు రాశారు. మన భరతుడైతే నాట్యశాస్త్రంలో క్రోధాన్ని స్థాయీభావాల్లో, అంటే మనసులో నిలిచి ఉండే మూల భావాల్లో, ఒకటిగా లెక్కగట్టి, అది పండితే రౌద్రరసమవుతుందని చెప్పి కూర్చున్నాడు. చూసేవాడికి కోపం రాకపోతే ఆ నాటకం ఎందుకు?

మరి ఈవిడ విషయంలో తేడా ఏంటి?

అందరికీ వెంటనే తోచే జవాబు "అత్త మీద కోపం దుత్త మీద". తల్లి మీద ఉన్న కోపం పుస్తకం మీద చూపిస్తోంది, అంతే కదా? మా చదువులోనూ దీనికి చోటుంది, అన్నా ఫ్రాయిడ్ అనే మనోవిశ్లేషకురాలు 1936లో మనసు చేసుకునే ఇలాంటి సర్దుబాట్ల మీద ఏకంగా ఒక పుస్తకమే రాసింది. ఈ జవాబు తప్పు కాదు, కానీ సగమే. అక్కడ ఆగిపోతే కౌన్సెలరు చెప్పగలిగింది "మీ అమ్మగారితో మాట్లాడండి" ఒక్కటే అవుతుంది. నాకు తెలియాల్సింది, ఇంట్లో ఇన్ని దుత్తలుండగా ఆ ఒక్కదాన్నే ఎందుకు పగలగొట్టారని.

ముందు ఇంటి చరిత్ర. ముగ్గురు పిల్లల్లో ఆవిడ నడిమి. అక్క, తను, తమ్ముడు. తండ్రి రైల్వేలో చేసేవారు, గోపాలపట్నంలో పెరిగారు. అక్క తొలిచూలని ముద్దు, తమ్ముడు మగపిల్లాడని ముద్దు. ఆదివారం వంజరం తెస్తే తలకాయ నాన్నకి, నడిమి ముక్కలు తమ్ముడికి, అక్క ఏది అడిగితే అది, ఈవిడ కంచంలో తోక ముక్క. అక్క కట్టి విడిచిన లంగా ఓణీలే ఈవిడకి కొత్త బట్టలు. అక్కచెల్లెళ్ళిద్దరూ మున్సిపల్ స్కూలు, తమ్ముడు కాన్వెంటు. బీకాం అవగానే ఉద్యోగంలో చేరితే, పెళ్ళయ్యేదాకా జీతమంతా తమ్ముడి ఇంజినీరింగ్ ఫీజుకి. పెళ్ళిలో అక్కకి పెట్టిన బంగారంలో సగం. ఇవన్నీ ఆవిడ నవ్వుతూ చెప్పారు, ఎవరో పక్కింటివాళ్ళ కథ చెబుతున్నట్టు. గొంతు మారింది ఒక్కచోటే. తండ్రి తన సంపాదనతో తల్లి పేరున కొన్న ఇల్లుంది, దాన్ని తల్లి తమ్ముడికి గిఫ్ట్ డీడు రాసి రిజిస్టరు చేయించింది, ఆ సంగతి ఈవిడకి ఒక పెళ్ళి భోజనాల దగ్గర పక్క కుర్చీలో కూర్చున్న దూరపు చుట్టం నోటి నుంచి తెలిసింది. నవలలతో దెబ్బలాట మొదలైంది ఆ తర్వాతే.

ఆవిడ అకౌంట్స్ మనిషి కాబట్టి పద్దు రాయమన్నాను. ఏం చదివినా సరే, కోపం వచ్చిన చోట పేజీ నంబరు, ఎవరి మీద వచ్చింది, సున్నా నుంచి పది దాకా ఎంత, ఒంట్లో ఎక్కడ తెలిసింది. నా దగ్గరికొచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇలాంటివి రెండు రోజులు రాసి వదిలేస్తారు. ఈవిడ గీతలు కొట్టి, తేదీలేసి, పేజీ అడుగున మొత్తాలు కూడా వేసి తెచ్చారు.

ఆ పద్దులోనే కేసంతా ఉంది. ఒక నవల్లో తల్లి కూతురి చదువు మాన్పించి, ఆ డబ్బుతో కొడుకుని పట్నం పంపిస్తుంది, జ్వరమొచ్చినా కూతురి చేత నీళ్ళు మోయిస్తుంది. చదివే నాకే ఒళ్ళు మండింది. ఆవిడ వేసుకున్న అంకె 3. పక్కన "ఏడుపొచ్చింది, బాగా నిద్రపట్టింది" అని ఉంది. ఎర్ర పెన్ను పడిన నవల్లో జరిగిన అన్యాయం దీని ముందు చాలా చిన్నది. తల్లి నగలన్నీ పెద్ద కూతురికిచ్చి, రెండోదాన్ని "నువ్వు సర్దుకుపోయేదానివి కదే" అంటుంది. చివరికి సంక్రాంతికి అందరూ కలుస్తారు, ఇన్నాళ్ళూ మొహం మాడ్చుకున్నందుకు రెండో కూతురే తల్లి కాళ్ళు పట్టుకుంటుంది, తల్లి దాన్ని లేవనెత్తి దగ్గరికి తీసుకుంటుంది, అందరూ బంతిలో కూర్చుని బూరెలు తింటారు. ఆ చోట ఆవిడ లెక్క ఇలా ఉంది: నగలు తీసుకున్న పెద్ద కూతురి మీద 2, తల్లి మీద 4, కాళ్ళు పట్టుకున్న పిల్ల మీద 8. దాని కింద ఆవిడే కొత్తగా ఒక గీత గీసి చేర్చిన పేరు, "రాసినవాడు", 10.

అన్యాయం ఎంత పెద్దదన్నదాన్ని బట్టి కాదు ఆవిడ కోపం. మొదటి నవల చెప్పేది ఆ నీళ్ళు మోసిన పిల్లే, జరిగింది అన్యాయమని పుస్తకానికి తెలుసు. రెండో దాంట్లో పుస్తకానికి తెలీదు. రచయిత కూడా తల్లి పక్షాన చేరి, బూరెలు వడ్డించి, దాన్ని సుఖాంతం అన్నాడు. ఆవిడ చిన్నప్పటి నుంచి బతికింది సరిగ్గా ఈ రెండో నవల్లోనే. తోక ముక్క కాదు ఆవిడని తినేసింది, తోక ముక్క వేస్తూ "నాకు ముగ్గురూ సమానమే" అనడం. నడిమి ముక్క వాడికెందుకని ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి అడిగితే, ఆ ప్రశ్నని "దీనికి ఈర్ష్య ఎక్కువ" అని చుట్టాలందరి ముందూ పెళ్ళయ్యేదాకా చెప్పుకున్నారట.

నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాసిన అభినవగుప్తుడు రసానికి అడ్డుపడే ఏడు విఘ్నాలు చెప్పాడు. వాటిలో ఒకటి, చూసేవాడు తన సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోయి ఉండటం. అలాంటివాడికి రంగస్థలం మీది దుఃఖం అందరి దుఃఖంగా తోచదు, తనదై కూర్చుంటుంది. పాశ్చాత్య పుస్తకాల్లో నేను చదివిన చాలా వివరణల కంటే ఇది ఈ కేసుకి బాగా సరిపోయింది. ఆవిడకి కలిగింది రౌద్రరసం కాదు, ఒట్టి కోపం, తన ఇంటి కోపం. కాకపోతే అభినవగుప్తుడు దాన్ని ఆస్వాదనకి అడ్డంగా చూశాడు, నాలాంటివాళ్ళకి అది దారి చూపించే గుర్తు.

ఒకరోజు ఆవిడే శునశ్శేపుడి కథ ఎత్తారు, వాళ్ళ నాయనమ్మ చెప్పేదట. రామాయణం బాలకాండలో ఉంది. అంబరీషుడి యాగపశువు తప్పిపోతుంది, దానికి బదులు ఒక మనిషి కావాలని ఋచీకుడనే ఋషి దగ్గరికొస్తాడు, ఆవులు ఇస్తాను, బదులుగా ఒక కొడుకునివ్వమంటాడు. పెద్దవాణ్ణి అమ్మనని తండ్రి అంటాడు, చిన్నవాణ్ణి ఇవ్వనని తల్లి అంటుంది. నడిమివాడు శునశ్శేపుడు అప్పుడు తనే ముందుకొచ్చి, పెద్దవాడు నాన్నకి, చిన్నవాడు అమ్మకి కావాలట, అంటే అమ్ముడుపోయింది నేనన్నమాట, పదండి అంటాడు. నేను ఆవిడకి ఈ కథ మీద మండిపోతుందేమో అనుకున్నాను. "లేదండీ," అన్నారు, "నాకు ఆ తల్లిదండ్రుల మీద కోపం రాదు. వాళ్ళు కనీసం మొహం మీద చెప్పారు." కోపానికి ఎంత అంకె వేస్తారని అడిగితే 1 అన్నారు.

ఇక చేసిన పని. దిండు పెట్టి గుద్దండి, గదిలో గట్టిగా అరవండి లాంటివి నేను చెప్పను. కోపం తెప్పించినవాళ్ళని తలుచుకుంటూ సంచిని గుద్దితే కోపం తగ్గకపోగా పెరుగుతుందని బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2002లో ప్రయోగం చేసి చూపించాడు, గోడకేసి కొట్టిన పుస్తకం ఆవిడకి ఏ రాత్రీ నిద్ర తేలేదు కూడా. నవలలు మానొద్దని చెప్పాను. రాత్రి మాత్రం వద్దు, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి టీ తాగుతూ చదవండి, పడుకునే ముందు ఇంకేదైనా. నిద్ర కొంత దీంతోనే కుదుటపడింది, ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు.

తర్వాత ఆ నవల్లో లేని పేజీ రాయమన్నాను. బంతిలో ఎవరో ఒకరు నోరు విప్పాలి, అంతే, ఎవరు విప్పుతారో ఏమంటారో మీ ఇష్టం. ఆవిడ నవల్లో ఎక్కడా లేని ఒక పిన్నిని సృష్టించారు. ఆ పిన్ని బూరె పక్కన పెట్టి, "అక్కా, నగలు నీవి, ఎవరికైనా ఇచ్చుకో. సమానంగా ఇచ్చానని మాత్రం అనకు" అంటుంది. అర పేజీ కూడా లేదు. అది నాకు చదివి వినిపిస్తూ ఆవిడ నా ముందు మొదటిసారి ఏడ్చారు, చాలాసేపు.

ఖాళీ కుర్చీతో చేసే పద్ధతి ఒకటుంది, ఫ్రిట్జ్ పెర్ల్స్ అనే మానసిక చికిత్సకుడి ద్వారా పేరుకొచ్చింది. మనసులో ఉన్న మనిషిని ఎదురు కుర్చీలో కూర్చోబెట్టుకుని మాట్లాడటం. మామూలుగా అయితే ఇక్కడ తల్లిని కూర్చోబెడతారు. పద్దులో తల్లి అంకె 4, కాబట్టి నేను 8 వచ్చిన పిల్లని కూర్చోబెట్టమన్నాను, కాళ్ళు పట్టుకున్న రెండో కూతుర్ని. మొదట తిట్టారు. ఎందుకే పట్టుకున్నావు, నీకు తెలీదా, అందరూ చూస్తున్నారు కదా. తర్వాత గొంతు దిగింది. "ఫీజు కట్టమని నిన్నెవరూ అడగలేదు, నువ్వే తీసుకెళ్ళి ఇచ్చావు, ఇస్తే మంచిపిల్లంటారని." నవల్లో ఫీజుల సంగతే లేదు. అది ఆవిడకీ తట్టింది, నా వైపు చూశారు, నేను ఏమీ అనలేదు.

ఆస్తి విషయం ఈ పనిలో కలిపితే రెండూ పాడవుతాయి, అందుకే దాన్ని విడదీసి ఒక లాయరు దగ్గరికి పంపాను. ఆడపిల్లకి హక్కుంది కదా అని చాలామంది అనుకుంటారు, ఆవిడా అనుకున్నారు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 నుంచి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి, వచ్చింది. 2005 సవరణతో దేశమంతటా వచ్చింది. కానీ తల్లి పేరున ఉన్న ఇల్లు తల్లి సొంతం, తల్లి బతికుండగా ఎవరికిచ్చినా చట్టం అడ్డుపడదు. లాయరు అదే చెప్పారు. ఆవిడ నా దగ్గరికొచ్చి, చిత్రంగా, తేలికపడ్డట్టు కనిపించారు. "అయితే కేసు లేదు. ఇంక నాకు కావాల్సింది ఇల్లు కాదని నాకే తెలిసిపోయింది," అన్నారు.

తల్లితో మాట్లాడాలని నేను చెప్పలేదు, ఆవిడే నిర్ణయించుకున్నారు. డెబ్భై దాటిన తల్లి, షుగరు, మోకాళ్ళ నొప్పులు. ఏం ఆశిస్తున్నారని అడిగాను. "ఏమీ ఒప్పుకోదు," అన్నారు. ఒప్పుకోకపోయినా వెళ్తారా? వెళ్తాను. ఏ మాట అనాలో ముందే రెండు వాక్యాలు అనుకుని వెళ్ళారు, మూడోది అనకూడదన్నది మా ఒప్పందం. "అమ్మా, ఇల్లు తమ్ముడికిచ్చావు, నాకు అభ్యంతరం లేదు. మమ్మల్ని సమానంగా చూశానని మాత్రం ఇంక నా ముందు అనకు." తల్లి అన్నది మనందరం ఊహించగలిగేదే, "అయిదు వేళ్ళూ ఒక్కలాగుంటాయేటే?" తర్వాత గ్యాస్ బండ బుక్ చేసినా రాలేదని చెప్పడం మొదలుపెట్టిందట. ఈవిడ మూడో వాక్యం అనలేదు. గ్యాసు ఏజెన్సీకి ఫోను చేసి వచ్చేశారు.

ఆ రోజు బండి మీద ఎన్ఏడీ జంక్షన్ దాకా దిగబెట్టిన తమ్ముడు, అడక్కుండానే ఒక మాట అన్నాడు. లోపలి గదిలోంచి విన్నట్టున్నాడు. "నడిమి ముక్క అమ్మ నాకే వేసేది కదప్పా. నువ్వు చూస్తావని నేను తల వంచుకుని తినేవాణ్ణి." ఇల్లు తిరిగిస్తాననలేదు, ఆ ఊసే ఎత్తలేదు. ఈవిడ ఆ వాక్యాన్ని పద్దు పుస్తకంలో తేదీ వేసి రాసుకున్నారు, అంకె కాలమ్ ఖాళీగా వదిలారు. తల్లి పిల్లల మధ్య తేడా చూపించే ఇళ్ళల్లో పెద్దయ్యాక దిగులు, ముద్దు దక్కనివాళ్ళకే కాదు దక్కినవాళ్ళకీ ఎక్కువగానే ఉంటుందని కార్ల్ పిల్లెమర్, జిల్ సూటర్ బృందం 2010లో అమెరికా కుటుంబాల మీద చేసిన పరిశీలనలో తేలింది. నేనా సంగతి ఆవిడకి అప్పుడు చెప్పలేదు. తమ్ముడి బాధ కూడా తనే మోయాలన్నట్టు వినిపిస్తుంది, ఈవిడ ఆ మూట ఎత్తుకోవడానికి ఎప్పుడూ సిద్ధమే.

పీహెచ్‌క్యూ-9 మళ్ళీ పెడితే 4 వచ్చింది. మాత్ర లేకుండా పన్నెండింటికల్లా నిద్రపోతున్నారు. ఆఫీసు కుర్రాడికి సారీ చెప్పారు. భర్త ఆ జోకు మానలేదు, కాకపోతే ఇప్పుడు ఈవిడ "మీరు చదివితే మీరూ దెబ్బలాడతారు" అని ఆయన చేతిలోనే పుస్తకం పెడుతున్నారట. ఎర్ర పెన్ను ఇంకా ఉంది. ఆ రచయిత మీద అంకె 10 నుంచి 7కి దిగింది, అంతకంటే దిగాల్సిన అవసరం నాకైతే కనబడదు, ఆ ముగింపు నిజంగానే అన్యాయం.

కేసు ముగించేద్దామనుకున్న సమయానికి ఆవిడే కొత్త పద్దు తెచ్చారు. ఈసారి నవల లేదు. ఇంటర్ చదివే కొడుకు ఒకరోజు అన్నం తింటూ, "అక్క ఏం చేసినా నీకు రైటే కదా, నేను అడిగితే మాత్రం లెక్కలడుగుతావు" అన్నాడట. తనకి జరిగింది కూతురికి జరగకూడదని ఇన్నేళ్ళూ కూతురి వైపే మొగ్గానని ఆవిడ అనుమానం. కొడుకుతో ఏమన్నారని అడిగాను. "నాకు ఇద్దరూ సమానమేరా అని నోటిదాకా వచ్చింది," అన్నారు, "ఆగిపోయాను. ఏమనాలో తెలీక పెరుగు వేశాను." వచ్చే శనివారం ఆ అబ్బాయిని కూడా తీసుకొస్తానన్నారు, వాడు ఒప్పుకుంటే.